రాయలసీమ ఎండలో పనిచేసేవారికి చర్మ క్యాన్సర్ వస్తుందా? ముఖం మీది మచ్చ, అరికాలి మచ్చ, సన్‌స్క్రీన్ సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు పల్లె. నాన్నగారికి అరవై దాటాయి, ఆయన జీవితమంతా వేరుశనగ చేనులోనే గడిచింది. ముక్కు పక్కన ఉన్న నల్లటి మచ్చ ఏడాదిగా పెరుగుతోంది, ముఖం తుడుచుకుంటే అప్పుడప్పుడు తువ్వాలుకు రక్తం అంటుతోంది. అమెరికాలో ఉన్న మీ అక్క అది చర్మ క్యాన్సర్ కావచ్చు, వెంటనే చూపించమంటోంది. ఊళ్లో వాళ్లు మాత్రం నల్లటి చర్మానికి అలాంటివి రావనీ, కత్తి పెడితే లేనిపోనిది పాకుతుందనీ అంటున్నారు. ఇంటిల్లిపాదికీ సన్‌స్క్రీన్ కొనాలా అన్నది మీ రెండో ప్రశ్న.

ముందు జవాబు చెబుతాను. ఈ వారంలోనే నాన్నగారిని చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. అది క్యాన్సరే అని చూడకుండా నేను చెప్పలేను. అయితే ఆ వయసులో కొత్తగా పెరిగి రక్తం కారే మచ్చను ఎవరూ చూడకుండా వదిలేయకూడదు. సన్‌స్క్రీన్ అందరికీ అవసరం లేదు. తలగుడ్డ, నిండు చేతుల చొక్కా, మధ్యాహ్నం పూట నీడ మాత్రం అందరికీ అవసరం. కొద్దిమందికి సన్‌స్క్రీన్ రోజూ వేసుకునే మందులాంటిది, వాళ్ల సంగతి కింద రాస్తాను. మీరు అడగకపోయినా నేను తప్పక చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మన వాళ్లలో ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ చాలాసార్లు ఎండ తగలని చోట వస్తుంది. అరికాలి కింద, గోరు కింద, ఎప్పుడో కాలిన మచ్చలో, ఏళ్ల తరబడి మానని పుండులో వస్తుంది.

నేను కర్నూలులో చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు, బేతంచెర్ల వైపు రాతి గనుల్లో పనిచేసేవాళ్లు. మన చర్మం మీద, మన పనుల్లో ఈ జబ్బు ఎలా కనబడుతుందో రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నాన్నగారి మచ్చ గురించి

అరవై దాటిన రైతు, ముక్కు పక్కన నల్లటి మచ్చ, నెమ్మదిగా పెరగడం, తుడిస్తే రక్తం రావడం. ఇవన్నీ కలిసి కనబడితే నేను మొదట అనుమానించేది బేసల్ సెల్ కార్సినోమా. చర్మ క్యాన్సర్లలో నెమ్మదిగా పెరిగేది ఇదే, త్వరగా పట్టుకుంటే పూర్తిగా నయమయ్యేదీ ఇదే. తెల్లవారిలో ఇది గులాబీ రంగు బొడిపెగా కనబడుతుంది. మనలో ఎక్కువగా నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు పుట్టుమచ్చ అనుకుంటారు. పుట్టుమచ్చలు మామూలుగా చిన్నతనంలోనో యవ్వనంలోనో వస్తాయి, వచ్చాక పెద్దగా మారవు. యాభై దాటాక ముఖం మీద కొత్తగా మొలిచి పెరిగేదాన్ని పుట్టుమచ్చ అని సరిపెట్టుకోవద్దు.

గదిలో లైటు తగ్గించి, మచ్చ మీదికి టార్చి పక్క నుంచి వేసి, చుట్టూ ఉన్న చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి చూస్తాను. బేసల్ సెల్ కార్సినోమా అయితే అంచు చుట్టూ నిగనిగలాడే సన్నటి గట్టు బయటపడుతుంది. ఆ గట్టు మీదుగా వెంట్రుకంత సన్నని ఎర్రటి రక్తనాళాలు పాకి ఉంటాయి. మధ్యలో కొద్దిగా గుంటపడి పక్కు కట్టి ఉంటుంది. ఆ పక్కు ఊడినప్పుడల్లా చుక్క రక్తం వస్తుంది, మళ్లీ పక్కు కడుతుంది. 'మానిపోయిందిలే' అని ఇంట్లోవాళ్లు ఊరుకునేది ఆ పక్కును చూసే.

ముఖం మీద వచ్చే ప్రతి నల్ల మచ్చా ఇదే అని భయపడకండి. వయసు మళ్లినవాళ్లకు ముఖం మీద, వీపు మీద, అంటించినట్టు కనిపించే గరుకైన నల్ల పొలుసు మచ్చలు వస్తుంటాయి. వాటివల్ల ఏ ప్రమాదమూ లేదు. నాన్నగారిది కూడా అలాంటిదే కావచ్చు, రోజూ తువ్వాలు రాసుకుని రక్తం వస్తుండవచ్చు. ఏది ఏమిటో తేల్చడానికే డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నాను.

బేసల్ సెల్ కార్సినోమా ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడం చాలా అరుదు. కానీ ఉన్నచోటే లోపలికి తొలుచుకుంటూ పోతుంది. ముక్కు పక్కన మొదలైనది ముక్కు మృదులాస్థిని తినేస్తుంది, కన్ను దగ్గరిది రెప్పను తినేస్తుంది. శనగ గింజంత ఉన్నప్పుడు మత్తు సూది ఇచ్చి, చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా కోసి కుట్టేస్తే చాలావరకు పని అయిపోతుంది. అదే రూపాయి బిళ్లంత అయ్యాక వస్తే ముక్కును తిరిగి కట్టడానికి నుదుటి చర్మం తెచ్చి అతకాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే జరిగే నష్టం ఇదీ.

'కత్తి పెడితే పాకుతుంది' అన్న మాట

ఇది నేను రోజూ వినే మాట. దీనివల్ల ఎంత నష్టం జరుగుతుందో చూస్తూనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. చర్మం మీది మచ్చ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ పాకదు. బయాప్సీ అంటే మత్తు సూది ఇచ్చి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒక కుట్టు వేయడం. పావుగంట పని. మచ్చ చిన్నదైతే మొత్తం తీసేసి దాన్నే పరీక్షకు పంపుతారు.

మరి ఆ నమ్మకం ఎలా పుట్టింది? అన్ని నాటు మందులూ అయిపోయి, జబ్బు ముదిరి, గజ్జల్లోనో మెడలోనో గడ్డలు కట్టాక ఆపరేషన్‌కు వచ్చినవాళ్లు కొన్ని నెలలకే పోతారు. ఊరు గుర్తుపెట్టుకునేది ఆపరేషన్ తర్వాత పోయిన సంగతే. అంతకుముందు రెండేళ్లు ఇంట్లో కూర్చున్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అసలు హాని చేసేది వేరే ఉంది. మచ్చ మీద సున్నం, చాకలి సోడా, నల్లజీడి రసం పెట్టించవద్దు. ఎవరి దగ్గరా కరెంటుతో కాల్పించవద్దు. కాలిపోయిన కండలో ఏముందో ఏ ల్యాబూ చెప్పలేదు. పైన మానినట్టు కనబడి, అడుగున మిగిలిన జబ్బు మచ్చ కింద దాక్కుని పెరుగుతుంది. ఎక్కడ ఏ మచ్చ తీయించినా, తీసిన ముక్కను పరీక్షకు పంపుతున్నారా అని అడగండి. పంపని చోట తీయించుకోకండి.

మన చర్మానికి రక్షణ ఉందా?

ఉంది, అబద్ధం కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం అతినీలలోహిత కిరణాలను కొంతవరకు ఆపుతుంది. నల్లజాతివారి పైచర్మం తనంత తానే దాదాపు 13 ఎస్‌పీఎఫ్ (చర్మం కమలకుండా ఎండను ఎన్ని రెట్లు ఆపుతుందో చెప్పే అంకె) ఉన్న సన్‌స్క్రీన్‌కు సమానమనీ, తెల్లవారిది మూడుకు కాస్త పైన అనీ 1979లో కొలిచి చెప్పారు. మనం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాం. మన దేశంలో అన్ని రకాల క్యాన్సర్లలో చర్మానివి నూటికి ఒకటి రెండు మాత్రమే కావడానికి ప్రధాన కారణం ఇదే.

అయితే తగ్గడం వేరు, లేకపోవడం వేరు. మన ఎండ కూడా మామూలుది కాదు. కర్నూలు వైపు గని, శకునాల అనే ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఇక్కడ ఎండ పుష్కలంగా ఉందనే. సూర్యుడు మనకు ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం మధ్యలో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మరోసారి నడినెత్తికి వస్తాడు. ఎండ కొలతకు ఒక సులువైన గుర్తు ఉంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టు. మన జిల్లాల్లో డిసెంబరులో కూడా మధ్యాహ్నం పన్నెండుంబావుకు నీడ మనిషికంటే పొట్టిగానే ఉంటుంది. అంటే ఏడాదిలో ఏ నెలలోనూ మధ్యాహ్నపు ఎండకు మినహాయింపు లేదు.

చాలామంది పొరబడేది వేడి విషయంలో. వేడి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎక్కువ. అతినీలలోహిత కిరణాలు పన్నెండు చుట్టూ ఎక్కువ. మాఘమాసంలో చల్లగాలి వీస్తున్నప్పుడు పన్నెండింటికి చేనులో నిలబడితే వడదెబ్బ తగలదు, కానీ చర్మానికి తగిలే దెబ్బ తగులుతూనే ఉంటుంది. పల్చటి మబ్బు కూడా ఈ కిరణాలను పెద్దగా ఆపదు. ఈ దెబ్బ ఒక్కరోజులో కనబడేది కాదు, ఏళ్ల తరబడి కణాల్లోని డీఎన్‌ఏలో పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే సూర్యకాంతిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

బట్టే మొదటి రక్షణ

మీ నాన్నగారి తరం కట్టే తలగుడ్డ మంచి అలవాటు. దాని ఒక అంచు చెవులు, మెడ వెనుక భాగం కప్పేలా కిందికి వదిలితే ఇంకా మేలు. మన వాళ్లు మరిచిపోయే చోట్లు ఇవే: చెవి పైఅంచు, మెడ వెనుక, కింది పెదవి. బీడీ కాల్చేవాళ్లలో కింది పెదవికి ఎండా పొగా రెండూ తోడవుతాయి. పెదవి మీద తెల్లగా పొలుసు కట్టి, ఒకే చోట మళ్లీ మళ్లీ పగులుతుంటే చూపించుకోవాలి.

చొక్కా నిండు చేతులది, నేత దగ్గరగా ఉన్నది వేసుకోవాలి. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. అవతలి వెలుగు ధారాళంగా కనబడితే ఆ గుడ్డ ఎండను ఆపదు. తెల్లటి పల్చని చొక్కా చెమటకు తడిస్తే ఆపేది ఇంకా తగ్గుతుంది. ముదురు రంగు గుడ్డ కిరణాలను బాగా ఆపుతుంది కానీ వేడెక్కుతుంది. మే నెలలో లేత నీలమో ఖాకీనో, కాస్త మందపాటి నూలుది వదులుగా వేసుకుంటే రెండు విధాలా సరిపోతుంది. చేనుకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా తొడుక్కుంటారు, అది చాలా మంచి పద్ధతి. నల్ల గొడుగు నెత్తి మీద నుంచి వచ్చేదాన్ని బాగా ఆపుతుంది, నేల మీద నుంచి తిరిగి పైకి కొట్టేదాన్ని ఆపలేదు.

పని వేళలు మార్చుకోగలిగితే పొద్దున పది లోపల, సాయంత్రం మూడు తర్వాత పెట్టుకోండి. ఉపాధి హామీ పనులు వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టడం వడదెబ్బ కోసం చేసినా చర్మానికీ మేలే.

సన్‌స్క్రీన్ ఎవరికి?

ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో స్క్వామస్ సెల్ కార్సినోమాలు (చర్మం పైపొర కణాల్లో పుట్టే ఇంకో రకం క్యాన్సర్) దాదాపు నలభై శాతం తగ్గాయి. తర్వాత చాలా ఏళ్లు గమనిస్తే మెలనోమాలు (రంగునిచ్చే కణాల్లో పుట్టే, అన్నిటికంటే ప్రమాదకరమైన రకం) సగానికి తగ్గాయి. సన్‌స్క్రీన్ క్యాన్సర్‌ను ఆపుతుందన్న మాటకు గట్టి ఆధారం ఇదే. కానీ వాళ్లందరూ తెల్లవారు. మన గోధుమ రంగు చర్మానికి అదే లెక్క వర్తిస్తుందని నేను చెప్పను. మంగు మచ్చలకు, ఒంటికి ఎండ పడనివాళ్లకు సన్‌స్క్రీన్ బాగా పనిచేస్తుంది, ఆ అవసరం ఉన్నవాళ్లు వాడవచ్చు. రోజు కూలి మీద బతికే కుటుంబం తిండి ఖర్చు తగ్గించుకుని క్యాన్సర్ భయంతో సన్‌స్క్రీన్ కొనాల్సిన పని లేదు. ఆ డబ్బుతో రెండు మంచి చొక్కాలు, ఒక గొడుగు కొనండి.

కొనేవాళ్లు మాత్రం సరిగ్గా వాడండి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది సరిపోతుంది. అది చర్మాన్ని కమిలించే కిరణాలను నూటికి 97 వంతులు ఆపుతుంది, 50 ఉన్నది 98 వంతులు. ఆ ఒక్క వంతు కోసం ఎక్కువ డబ్బు పోయనక్కరలేదు. డబ్బా మీద 'పీఏ' (చర్మంలోకి లోతుగా దిగే యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) పక్కన మూడు ప్లస్ గుర్తులైనా ఉన్నాయేమో చూడండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీద రాసిన అంకెలో పావు వంతు కూడా దక్కదు. చెమట పట్టినా పట్టకపోయినా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు పిల్లలకు రాయవద్దు, వాళ్లను నీడలో ఉంచండి.

సన్‌స్క్రీన్ తప్పనిసరైన పిల్లలు

ఈ భాగం మీ ఇంటికి సంబంధించినది కాకపోవచ్చు, కానీ చదివేవాళ్లలో ఒక్క తల్లికి ఉపయోగపడినా చాలు.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు రెండు వైపుల నుంచీ అందే అవకాశం మేనరికంలో పెరుగుతుంది. అలా వచ్చే జబ్బుల్లో రెండింటికి ఎండే శత్రువు. ఒకటి అల్బినిజం. పుట్టుకతోనే జుట్టు, చర్మం తెల్లగా ఉంటాయి, కళ్లు అటూ ఇటూ కదులుతుంటాయి, ఎండలో తెరవలేరు. వీళ్లకు మెలనిన్ రక్షణ అసలు లేదు. రెండోది ఇంకా అరుదైనది, పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ వల్ల డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను సరిచేసుకునే శక్తి ఈ పిల్లల కణాలకు ఉండదు. రెండేళ్లు నిండకముందే ముఖం నిండా నల్లటి చుక్కలు వస్తాయి, వెలుతురు చూస్తే ఏడుస్తారు. బడికి వెళ్లే వయసులోనే క్యాన్సర్లు రావచ్చు.

అల్బినిజం ఉన్న ఒక కుర్రవాడు పత్తికొండ వైపు నుంచి వచ్చేవాడు. చదువు మధ్యలో మానేసి గొర్రెలు కాసేవాడు. నల్లబల్ల మీది అక్షరాలు కనబడక బడి మానాడు, బడి మానడం వల్ల రోజంతా ఎండ పాలయ్యాడు. నేను చూసేసరికి ఇరవై దాటాయి, చెవి అంచు మీద పుండు. అది స్క్వామస్ సెల్ కార్సినోమా. చెవిలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. గజ్జల్లో, మెడలో ఎక్కడా గడ్డలు లేవు కాబట్టి బయటపడ్డాడు. అతనికి చిన్నప్పుడే కావాల్సింది ముందు బెంచీలో చోటు, చూపు పరీక్ష, అద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకం. అవి దొరికి ఉంటే నీడలో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉండేవాడు.

అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు చెబుతున్నాను. నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్ల కళ్లద్దాలు, రోజూ సన్‌స్క్రీన్, ఆరు నెలలకోసారి చర్మ పరీక్ష జీవితాంతం ఉండాలి. మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో మైదానంలో నిలబెట్టవద్దని మాస్టారికి చెప్పండి. చూపు లోపానికి వికలాంగ ధ్రువపత్రం కోసం అడగండి. బిడ్డను ఎవరి కంటా పడకుండా దాచాల్సిన అవసరం లేదు, ఎండ నుంచి కాపాడితే చాలు.

కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లకు కూడా సన్‌స్క్రీన్, చర్మ పరీక్ష తప్పనిసరి. బొల్లి మచ్చలున్నవాళ్లు ఎండకు ఆ మచ్చలు కమిలిపోకుండా చూసుకోవాలి. బొల్లి మాత్రం క్యాన్సర్‌గా మారదు, ఆ భయం పెట్టుకోకండి.

అరికాళ్లు చూసుకోండి

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇది.

చర్మ క్యాన్సర్లలో ప్రాణాలు తీసేది మెలనోమా. తెల్లవారిలో ఇది వీపు మీద, కాళ్ల మీద, ఎండ తగిలే చోట వస్తుంది. ఆసియా ప్రజల్లో మాత్రం దాదాపు సగం అరికాలు, అరచేయి, గోరు కింద వస్తాయి. దీనికీ ఎండకూ సంబంధం లేదు. కాబట్టి ఎంత సన్‌స్క్రీన్ రాసినా దీన్ని ఆపలేం. తొలి దశలో కనిపెట్టడమే దీనికి మందు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే కన్నుమూశారు.

ఆదోని వైపు పత్తి చేలలో కూలికి వెళ్లే ఒకావిడ మడమ మీద నల్లమచ్చతో వచ్చింది. తుమ్మముల్లు విరిగి లోపల ఉండిపోయిందనుకుని ఇంట్లో సూదితో కెలికారు, జిల్లేడు పాలు పెట్టారు, మందుల షాపులో ఆనెకాయల ప్లాస్టర్ కొని వేశారు. ఇలా ఏడాదిన్నర గడిచింది. మచ్చ మధ్యలో పుండు పడి, గజ్జలో గడ్డ తేలాక వచ్చింది. అది ఆమె నిర్లక్ష్యం కాదు, మడమ మీది మచ్చ అంత పని చేస్తుందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ముల్లు, రక్తం గడ్డ, ఆనె, మెలనోమా అన్నీ మొదట్లో ఒకేలా నల్లగా ఉంటాయి. మేము తేడా ఎలా చూస్తామంటే, పైన గట్టిపడిన చర్మాన్ని బ్లేడుతో పల్చగా చెక్కుతాం. గడ్డకట్టిన రక్తమైతే పొరతోపాటు నల్లటి చుక్కలు ఊడివస్తాయి, అడుగున మామూలు చర్మం కనబడుతుంది. మెలనోమా అయితే ఎంత చెక్కినా నలుపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత డెర్మోస్కోప్ (దీపం ఉన్న భూతద్దం లాంటిది) పెట్టి చూస్తాం. అరికాలి చర్మం మీద వేలిముద్రల్లోలాగే గట్లు, గాడులు ఉంటాయి. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా గాడుల వెంట ఉంటుంది. మెలనోమా రంగు గట్ల మీద ఉంటుంది. ఈ చెక్కడం మీరు ఇంట్లో చేయవద్దు.

ఇంట్లో మీరు చూడాల్సింది: మచ్చ రెండు వైపులా ఒకేలా లేకపోవడం, అంచు చిందరవందరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, ఆరు మిల్లీమీటర్లు దాటడం, అన్నిటికంటే ముఖ్యంగా మారుతూ ఉండటం. ఒంటి మీద మిగిలిన మచ్చలతో పోలిక లేని మచ్చ ఒక్కటే ఉంటే దాన్ని మొదట చూపించండి.

గోళ్ల మీద నల్లటి నిలువు గీతలు మన చర్మం రంగు ఉన్నవాళ్లకు చాలామందికి ఉంటాయి. నాలుగైదు గోళ్ల మీద సన్నగా, ఏళ్లుగా అలాగే ఉంటే కంగారు లేదు. పెద్దవాళ్లకు ఒక్క గోరు మీదే, అందులోనూ బొటనవేలి మీద, కొత్తగా గీత వచ్చి వెడల్పవుతుంటే, లేదా నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకితే ఆలస్యం చేయకండి.

మెలనోమాను మిల్లీమీటర్లలో కొలుస్తారు. చర్మంలోకి ఒక మిల్లీమీటరు లోతు కూడా దిగని దశలో తీసేస్తే ఐదేళ్ల తర్వాత నూటికి తొంభై మందికి పైగా బతికి ఉంటారు. నాలుగు మిల్లీమీటర్లు దాటాక ఆ మాట చెప్పలేం. మడమ మీద మచ్చకు ఏడాదిన్నర ఎంత ఎక్కువ కాలమో దీన్నిబట్టి ఆలోచించండి.

పాత కాలిన మచ్చలు, మానని పుండ్లు

చిన్నప్పుడు కిరోసిన్ స్టవ్వు వల్లో, వేడినీళ్లు పడో కాలి, మోకాలి వెనుకో మోచేతి దగ్గరో చర్మం ముడుచుకుపోయినవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు. ఆ మచ్చ సాగినప్పుడల్లా పగులుతుంది, మానుతుంది, మళ్లీ పగులుతుంది. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత అలాంటి చోట స్క్వామస్ సెల్ కార్సినోమా రావచ్చు. కాలిన మచ్చల్లో వచ్చే ఈ పుండ్లను వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరు మీద మార్జోలిన్ పుండు అంటారు, ఆయన రాసింది 1828లో. కుష్ఠు నయమైనా స్పర్శ లేని పాదాల మీది పుండ్లలో, ఏళ్లుగా చీము కారే ఎముక జబ్బుల్లో కూడా ఇది వస్తుంది. అంచులు గట్టిగా పైకి లేవడం, పువ్వులా కండ పెరగడం, వాసన మారడం, ముట్టుకుంటే రక్తం రావడం దీని గుర్తులు. సరైన వైద్యం చేస్తున్నా ఆరు వారాల్లో మానని ఏ పుండుకైనా ముక్క పరీక్ష చేయించాలి. కట్టు మార్చుకుంటూ కూర్చోకూడదు.

ఆడవాళ్లకు ఒక చిన్న మాట. లంగా నాడా రోజూ ఒకే చోట బిగించి కట్టడం వల్ల నడుము మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. అక్కడ ఏళ్ల తరబడి ఒరిసి పుండు పడి క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉన్నారు. పంచె కట్టు దగ్గర మగవాళ్లకు ఇలాగే రావడం గురించి టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే రాశారు. నాడా వెడల్పుది వాడండి, కట్టే చోటు మారుస్తూ ఉండండి.

అలాగే తామర అనుకుని నెలల తరబడి మందుల షాపు ఆయింట్‌మెంటు రాస్తున్నా తగ్గని ఒంటరి ఎర్ర పొలుసు మచ్చ ఉంటే, దురద పెద్దగా లేకపోతే, అది చర్మం పైపొరలోనే ఉన్న తొలి దశ క్యాన్సర్ కావచ్చు. ఆ దశలో చికిత్స చాలా తేలిక.

ఎలా చూసుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి

నెలకోసారి తలంటు పోసుకునే రోజున పగటి వెలుతురులో ఒంటిని చూసుకోండి. అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు, చెవుల వెనుక, నడుము. వీపును, నెత్తిని ఇంట్లో ఇంకొకరు చూడాలి. అనుమానం ఉన్న మచ్చ పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోనుతో ఫొటో తీసి ఉంచండి. నెల తర్వాత అదే నాణెంతో మళ్లీ తీసి పోల్చితే పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది. అయితే రక్తం కారే మచ్చకు ఈ నెల గడువు వర్తించదు. వెంటనే వెళ్లాలి.

మీకు దగ్గర అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి. అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. కర్నూలు, కడప పెద్దాస్పత్రుల్లోనూ ఉంది. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోండి, ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ కావాల్సి వస్తే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో చేయిస్తారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

నాన్నగారు గుండె జబ్బుకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ముక్క తీసేముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు. షుగర్ ఉంటే అదీ చెప్పండి. ముక్క పరీక్ష రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. అందులో రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: అది ఏ రకం, తీసిన ముక్క అంచుల్లో జబ్బు మిగిలి ఉందా లేదా. అంచులు శుభ్రంగా లేవంటే మళ్లీ కాస్త వెడల్పుగా తీయాలి, దానికి భయపడి ఆగిపోవద్దు. రిపోర్టులో ఉన్న మాటలు అర్థం కాకపోతే పేరు, ఆస్పత్రి వివరాలు కనబడకుండా ఇక్కడే రాయండి, చదివి చెబుతాను.